అడగకూడని లెక్క

సాల్ట్ ఫోర్క్‌లో పికప్పు ట్రక్కు కొనదలచుకున్నవాడు ముందు షోరూముకి వెళ్ళడు. డార్లా హోటలుకి వెళ్ళి, కిటికీ పక్క మూడో బల్ల దగ్గర కూర్చునే వెండెల్ స్ట్రాండ్ ఎదురుగా కుర్చీ లాక్కుంటాడు. పదేళ్ళుగా ఇదే వరస. వెండెల్ కాఫీ ఓ గుక్క తాగి, మీసం తుడుచుకుని, "ఏం లాగుతావ్? ఎక్కడ లాగుతావ్?" అంటాడు. ఇక గంటసేపు ఆ బల్ల ఖాళీ అవదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు రైతు సహకార సంఘం దుకాణంలో, విడిభాగాల కౌంటర్ వెనక నిలబడి రిటైరైన మనిషి ఆయన. పశువుల్ని ఎన్నడూ పెంచలేదు. కానీ ఆ చుట్టుపక్కల పశువుల్ని లాగిన ప్రతి బండి జాతకమూ ఆయన నాలిక మీదే ఉంటుంది. ఏ ఇంజినుకి ఎంత బలం, ఏ ఇరుసు ఎంత మోస్తుంది, ఏ గేరు పెట్టె లక్ష మైళ్ళకే చేతులెత్తేస్తుంది, ఆరేళ్ళ తర్వాత అమ్మితే దేనికి ఎంతొస్తుంది, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. భార్య ఆర్విల్లా పుట్టినరోజు మాత్రం ఏటేటా మరిచిపోతాడు.

"అర టన్ను, ముప్పావు టన్ను, టన్ను అని ట్రక్కులకి తాతలు పెట్టిన పేర్లు పట్టుకుని కొనకు," అనేవాడు వచ్చినవాళ్ళతో. "టీవీలో కంపెనీవాడు అరిచే అంకె అసలే నమ్మకు. డ్రైవరు తలుపు తెరువు. అక్కడ కమ్మీ మీద చిన్న స్టిక్కరుంటుంది. మనుషులూ, సామానూ, వెనక ట్రైలరు నీ బండి మీద మోపే బరువూ కలిపి ఎన్ని పౌన్లు మొయ్యొచ్చో రాసుంటుంది. నిజం అదీ. మిగతాదంతా కబుర్లు."

"ఆ స్టిక్కరు రాసినవాడు ఎప్పుడైనా డచ్‌మన్ కొండ దిగాడట్రా?" అని పక్క బల్ల మీంచి ఎల్డన్ పుట్నమ్ వెక్కిరించేవాడు. తాత కొన్న కంపెనీ బండే తండ్రి కొన్నాడు, తండ్రి కొన్నదే తనూ కొన్నాడు. వేరే కంపెనీ బండి ఎక్కడం కంటే మంచులో నడిచి చావడం మేలనే రకం ఎల్డన్. "దిగినవాడే రాశాడు, ఎక్కించినవాడే చదవలేదు," అనేవాడు వెండెల్. హోటలంతా నవ్వేది.

ఇంత తెలిసిన మనిషీ ఒక ప్రశ్న మాత్రం అడగడు. ఆయనేంటి, ఆ కౌంటీలో కన్నతల్లి కూడా కొడుకుని అడగదు. నీకు ఆవులెన్ని? ఈ ముక్క నోట రాకూడదు. అడిగితే ఎదుటివాడి బ్యాంకు పుస్తకం లాక్కుని చదివినట్టే. గడ్డి సంగతి అడగొచ్చు, వాన సంగతి అడగొచ్చు, మోకాలి ఆపరేషన్ సంగతీ మూత్రంలో రాళ్ళ సంగతీ తీరిగ్గా అడగొచ్చు. కానీ పక్కవాడి దొడ్డి దగ్గర నిలబడ్డప్పుడు పెదవులు కదిలితే చాలు, లెక్కపెడుతున్నాడని పరువు తీసేస్తారు. ఏ మహానుభావుడు పెట్టాడో ఆ మర్యాద! ఆ ఏడాది అది ఒక ఆడమనిషిని కొండ మీంచి కిందికి తోసినంత పని చేసింది.

ఆర్విల్లాది అయోవా. "మా వైపు పందులెన్నని అడిగితే ఎవరూ చచ్చిపోరు," అనేది. "ఇది అయోవా కాదు," అనేవాడు వెండెల్. నలభై ఏళ్ళ కాపురంలో ఈ మాట నలభైసార్లు అయ్యుంటుంది.

మార్చి నెల, ఇంకా గుంటల్లో మంచు కరగని రోజుల్లో, ట్విలా బ్రెనెమన్ వచ్చి మూడో బల్ల దగ్గర కూర్చుంది. నలభై నాలుగేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. తండ్రి రోయ్స్ క్రిస్మస్‌కి వారం ముందు పోయాడు. రోయ్స్, వెండెల్ ఒకే బడిలో చదివారు. ట్విలా పుట్టినప్పుడు ఆసుపత్రి బయట రోయ్స్‌కి సిగరెట్టు వెలిగించినవాడు వెండెలే.

"నాన్న బండి చచ్చింది, వెండెల్," అంది గ్లోవ్స్ తీస్తూ. "నాలుగు లక్షల మైళ్ళు తిరిగింది పాపం. ఇప్పుడు ఏది కొనమంటావ్? నాకు ఇవన్నీ తలకెక్కవు. నువ్వేదంటే అదే."

"ఏం లాగుతావ్ అమ్మాయ్?"

"మామూలేగా. గుర్రాలూ, ఉప్పు దిమ్మలూ, కంచె స్తంభాలూ... అవీ ఇవీ."

అవీ ఇవీ అన్నప్పుడు ఆమె కళ్ళు కప్పులోకి దిగిపోయాయి. వెండెల్ అది చూశాడు. చూసి కూడా మరో రకంగా అర్థం చేసుకున్నాడు. బ్రెనెమన్ వాళ్ళ మంద పెద్దదని అందరికీ తెలుసు. రోయ్స్ మంచి రోజుల్లో ప్రతి జూన్‌లోనూ నాలుగు పొడవాటి పశువుల లారీలు ఆ ఇంటి నుంచి కొండ మీది వేసవి మేతకి వెళ్ళేవి. అంత మంద ఉన్నవాళ్ళు పశువుల్ని పికప్పు వెనక ట్రైలరు కట్టి లాగరు, లారీలకి కిరాయి ఇస్తారు. పికప్పుకి గుర్రాలే మిగులుతాయి. ఎన్ని ఆవులమ్మా అన్న ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది. పక్కనే పళ్ళెంలో ఉన్న రూబార్బ్ తీపిరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని దానితో పాటు మింగేశాడు.

ఇక లెక్క మొదలుపెట్టాడు. డీజిలు ముప్పావు టన్ను బండి ఎనభై నాలుగు వేల డాలర్లు. లాగే బలం అర టన్ను దానికి రెండింతలు, దిగేటప్పుడు ఇంజినే బరువుని వెనక్కి పట్టి ఉంచుతుంది. కానీ ఖాళీగా తోలితే నడుములు విరుగుతాయి, ఆయిలు మార్పించడానికే చేతి చమురు వదులుతుంది. పెట్రోలు అర టన్ను బండి యాభై ఎనిమిది వేలు. నాలుగువందల హార్స్‌పవర్ ఇంజిను, మెత్తగా పోతుంది, ఖాళీగా గ్యాలనుకి ఇరవై మైళ్ళిస్తుంది. కాగితం మీద పదకొండువేల మూడొందల పౌన్లు లాగుతుంది. స్టిక్కరు మీద పదహారొందల నలభై. "రెండు గుర్రాలకి ఇది బ్రహ్మాండం," అన్నాడు. "ఇరవై ఆరువేలు ఊరికే పారబొయ్యకు."

"ఆడపిల్లకి పెట్రోలు బండి అంటగడతావేంట్రా!" అన్నాడు ఎల్డన్. "రోయ్స్ ఉంటే నిన్ను తన్నేవాడు."

"నీకు తెలీని లెక్కలో తల దూర్చకు."

యాభై ఎనిమిది అన్నప్పుడు ట్విలా ముఖం తేటపడింది. భుజాలు కిందికి దిగాయి. వెండెల్ అది తన తెలివికి దక్కిన మెప్పనుకుని మురిసిపోయాడు. ఎనభై నాలుగు వేలన్నప్పుడు ఆ ముఖం ఎలా పాలిపోయిందో ఆయన చూడలేదు, అప్పుడాయన రుమాలు కాగితం మీద అంకెలు వేస్తున్నాడు.

వెండెల్ ఇల్లు డచ్‌మన్ కొండ మొదట్లోనే ఉంటుంది. పైకి పోయే ప్రతి బండీ ఆ వరండా ముందు నుంచే పోవాలి. జూన్ రెండో వారంలో ట్విలా కొత్త బండి వచ్చింది. వెనక నెబ్రాస్కాలో ఎవరి దగ్గరో కొన్న ఇరవై అడుగుల పాత పశువుల ట్రైలరు. దాన్నిండా ఆవులు, దూడలు. ట్రక్కు వెనక భాగం కుంగి ముక్కు ఆకాశంలోకి లేచి ఉంది. ట్విలా చెయ్యి ఊపింది. వెండెల్ కూడా ఊపాడు.

"లారీల్లో పట్టనివి కాబోలు," అన్నాడు ఆర్విల్లాతో. "లారీలు తర్వాత వస్తాయిలే."

మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళింది. మర్నాడు రెండుసార్లు వెళ్ళింది. నాలుగోసారి ఆ బండి చప్పుడు వినగానే వెండెల్ వరండా మీంచి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. కూర్చుంటే లెక్కపెట్టేస్తాడు. అలవాటైన కన్ను, ఆగదు. లారీలు రాలేదు. వారం చూశాడు, పది రోజులు చూశాడు. తను ఊళ్ళోకి వెళ్ళినప్పుడు వచ్చి ఉంటాయని సర్దిచెప్పుకున్నాడు. ఆ లారీలు కనబడని ఆరేళ్ళుగా ఊళ్ళో అందరూ సరిగ్గా అలాగే సర్దిచెప్పుకుంటున్నారు!

ఆగస్టులో హోటలు ముందు ట్విలా బండి ఆగి ఉంది. వెండెల్ పక్కగా వెళ్తూ ముందు చక్రం లోపలికి చూశాడు. బ్రేకు పళ్ళెం నీలంగా మారి ఉంది. ఇనుము ఒకసారి కాగి చల్లారితే ఆ రంగు వస్తుంది, మళ్ళీ పోదు. రెండు గుర్రాలు లాగితే ఆ రంగు రాదు. తిన్నగా హోటలు తలుపు తోసుకుని వెళ్ళాడు.

లోపల ట్విలా ఒక్కతే సూపు తాగుతోంది. "బ్రేకులు మార్పించు," అన్నాడు నిలబడే.

"మారుస్తాలే, పని తెమలనీ."

"ట్రైలరు బ్రేకులు కూడా చూపించు. పాతవాటిలో తీగలు తుప్పు పట్టి ఉంటాయి."

"నువ్వు నాన్న కంటే చాదస్తం అయ్యావ్," అంది నవ్వుతూ. ఆ నవ్వు తొందరగా ఆరిపోయింది. ఏదో చెప్పబోతున్నట్టు చెంచా కింద పెట్టింది. వెండెల్ ఆగి ఉంటే ఏమయ్యేదో! ఆయన టోపీ సర్దుకుని బయటికి వచ్చేశాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర ఆర్విల్లా ఊరుకోలేదు. "ఆ పిల్ల బండి ఒంగిపోతోంది, చూశావా? అడగొచ్చుగా."

"ఏమని?"

"ఎన్ని ఎక్కిస్తోందని."

"ఆర్విల్లా, నీకు తెలీదు."

"నాకు తెలిసిందే మీ ఊరికి తెలీట్లేదు," అంది ఆవిడ, గిన్నెలు ఠపీమని సింకులో పడేసి.

ఆయన అడగకపోవడానికి కారణాలు రెండు. మర్యాద ఒకటి, దాని వెనక ఇంకో ముల్లు కూడా ఉంది. అడిగి, పెద్ద అంకె చెప్పిందనుకో, తను చెప్పిన బండి తప్పని ఒప్పుకోవాలి. పదేళ్ళలో మూడో బల్ల దగ్గర ఆయన తప్పు చెప్పింది లేదు.

అక్టోబరు తొమ్మిదో తారీఖున తుఫాను కబురు వచ్చింది. సాయంత్రానికి కొండ మీద రెండడుగుల మంచు పడుతుందని, ఆరింటికి కొండ రోడ్డు మీది అడవి గేటు మూసేస్తారని చెప్పారు. ఊరు ఊరంతా పొద్దున్నే ట్రైలర్లు కట్టుకుని పైకి పరుగెత్తింది. మేతలో మిగిలిన ఆవుల్ని దింపుకోవాలి. దూడల్ని గడ్డి కరువుకి సెప్టెంబరులోనే అందరూ అమ్మేశారు.

వెండెల్ వరండాలో కూర్చోలేక, లోపల ఉండలేక తిరుగుతున్నాడు. పదకొండు గంటలకి మొదట వాసన వచ్చింది. కాలిన బ్రేకుల వాసన ఒకసారి ముక్కుకెక్కితే మనిషి చచ్చేదాకా మరిచిపోడు. ఆ వెనక ట్విలా బండి మలుపు తిరిగి వచ్చింది. ట్రక్కు నాలుగు చక్రాల దగ్గరా నీలం పొగ. ట్రైలరు చక్రాల దగ్గర పొగ చుక్క లేదు.

చూడగానే తెలిసిపోయింది ఆయనకి. ట్రైలరు బ్రేకులు పట్టడం లేదు. వెనకున్న బరువంతటినీ ఆ చిన్న బండి ఒక్కటే ఆపుకుంటూ దిగింది. పలకల సందుల్లోంచి ఆవులు కనబడ్డాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది... చటుక్కున తల తిప్పేసుకున్నాడు. ఆవుకి పన్నెండొందల పౌన్లు చొప్పున, తొమ్మిది దగ్గరే ఆపేసినా, ఖాళీ ట్రైలరుతో కలిపి పదిహేనువేలు దాటింది. పదకొండువేల మూడొందల బండి అది. తను కొనిపించిన బండి.

పన్నెండున్నరకి ట్విలా ఖాళీ ట్రైలరుతో మళ్ళీ పైకి వెళ్ళింది. చెయ్యి ఊపింది. పడమర ఆకాశం పలకలా నల్లబడుతోంది.

ఆర్విల్లా గోడకి తగిలించిన తాళాలు తీసి భర్త ఒళ్ళో పడేసింది. "వెళ్తావా, నేను వెళ్ళనా?"

వెండెల్ తన పాత డీజిలు బండి తీసుకుని బయల్దేరాడు. ట్రైలరు కట్టుకోలేదు, ఆయనకి లేదు. దారిలో ఎదురొచ్చే బండ్లన్నీ తెలిసినవే, అందరి ట్రైలర్లూ నిండుగా దిగుతున్నాయి. కొండ పైన, దిగుడు మొదలయ్యే చోట, బండ్లు ఆపి బ్రేకులు చూసుకునే జాగా, పక్కనే ఓ పశువుల దొడ్డి ఉన్నాయి. అక్కడికి చేరేసరికి మంచు పూలు రాలడం మొదలైంది. ముప్పావుగంటకి ట్విలా వచ్చింది, ట్రైలరు నిండా ఆవులతో. వెండెల్ రోడ్డుకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తాడు.

"ఏంటి వెండెల్, ఇక్కడేం చేస్తున్నావ్?"

"ట్రైలరు బ్రేకులు పట్టట్లేదు ట్విలా. పొద్దున పొగ చూశాను."

"కొంచెం పడుతున్నాయిలే. పొద్దున దిగానుగా."

"దిగావు. ఉన్న బ్రేకులు దానికే అయిపోయాయి. సగం ఆవుల్ని ఇక్కడ దొడ్లో దింపు. రేపు చూద్దాం."

"రేపటికి గేటు మూసేసి ఉంటుంది. మంచులో నిలబెట్టి చంపుకోమంటావా?"

"లారీలకి ఫోన్ చెయ్యి. మిగతా మందతో పాటు వీటినీ తెస్తారు."

ట్విలా ఆయన వంక చూసింది. ఆ చూపులో మొదట ఆశ్చర్యం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత మరోటి కనబడ్డాయి. అడుగు అన్నట్టు ఉంది ఆ చూపు. కిటికీ అంచు మీద ఆమె వేళ్ళు తెల్లగా బిగిశాయి. ఒక్క ప్రశ్న. నీకు మొత్తం ఎన్ని ఆవులమ్మా? అంతే. ఏ మిగతా మంద లేదని అప్పుడే తెలిసిపోయేది. కానీ అరవై ఏడేళ్ళుగా నోట పలకని మాట ఆ క్షణాన పలకలేదు.

"రెండో గేర్లో దిగు," అన్నాడు. "బ్రేకు మీద కాలు ఉంచకు, తొక్కి వదులు. నేను వెనకే వస్తాను."

"సరే," అంది ట్విలా. కిటికీ అద్దం పైకెత్తేసుకుంది.

డచ్‌మన్ దిగుడు పది మైళ్ళు. మొదటి రెండు మైళ్ళూ ఆమె వెనక ఎర్ర దీపాలు వెలిగి ఆరాయి, వెలిగి ఆరాయి. చెప్పినట్టే చేస్తోందని వెండెల్ ఊపిరి పీల్చుకున్నాడు. మూడో మైలులో దీపాలు వెలిగినవి వెలిగినట్టే ఉండిపోయాయి. వాసన ఆయన బండిలోకి వచ్చింది. నాలుగో మైలులో ట్రైలరు ట్రక్కుని తోయడం మొదలుపెట్టింది. మలుపుల్లో తోక అటూ ఇటూ ఊగుతోంది. ఐదో మైలులో ఎర్ర దీపాలు వెలిగే ఉన్నాయి, బండి మాత్రం ఆయనకి దూరమవుతోంది. తన స్పీడు ముల్లు చూశాడు, నలభై. కాసేపటికి యాభై ఐదు. ఆమె ఇంకా దూరమవుతోంది.

"ర్యాంపు! ర్యాంపు తల్లీ, ర్యాంపు!" అని ఒంటరిగా అరిచాడు బండిలో. ఆరో మైలు దాటగానే, బ్రేకులు పోయిన బండ్ల కోసం కొండవైపుకి ఎత్తుగా పోయే కంకర దారి ఒకటుంది. అది దాటితే ఇక నదీ లోయే. అరుస్తూనే ఉన్నాడు. ఏడుస్తున్నాడని ఆయనకి తెలియలేదు.

ట్విలా దాన్ని పట్టుకుంది. డెబ్భై మైళ్ళ వేగం మీద ఆ కంకరలోకి తిప్పింది. రాళ్ళు ఇంటెత్తున లేచాయి. ట్రక్కు తలుపుల దాకా కూరుకుపోయి ఆగింది. ట్రైలరు ఆగలేదు. మెలి తిరిగి, ట్రక్కు పక్కకొచ్చి, మెల్లగా, ఎంతో మెల్లగా పక్కకి ఒరిగి పడిపోయింది.

వెండెల్ పరుగెత్తాడు. ఆవుల అరుపులు కొండంతా నిండాయి. తలుపు తెరుచుకోలేదు. కిటికీలోంచి ఆమెని లాగాడు. భుజం ఎముక విరిగింది, పక్కటెముకలు రెండు విరిగాయి, ముఖమంతా అద్దం ముక్కలు. బతికే ఉంది. కంకర మీద కూర్చోబెట్టి తన కోటు కప్పాడు.

దిగుతున్న బండ్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎల్డన్ వచ్చాడు, ఇంకా ఐదారుగురు వచ్చారు. అందరికీ వెనక ట్రైలర్లున్నాయి. హైవే పోలీసు కుర్రాడు వచ్చాడు, నోటుబుక్కు తీశాడు. వాడిది కొలరాడో, ఉద్యోగంలో కొత్త.

"ఎన్ని పశువులున్నాయి మేడమ్?"

ఆ మాట వినగానే అక్కడున్న మగాళ్ళందరూ టోపీలు కిందికి లాక్కుని కొండవైపు తిరిగారు. ఎవరూ చెప్పక్కర్లేకుండా, అందరూ ఒకేసారి. వెండెల్ కూడా తిరిగాడు. అంత జరిగాక కూడా తిరిగాడు!

"ఇందులో పదకొండు," అంది ట్విలా. గట్టిగానే అంది, అందరికీ వినబడేట్టు. "ఇంటి దగ్గర పదకొండు. అంతే. మొత్తం అంతే. లారీలు లేవు, మంద లేదు. కరువుల్లో నాన్న ఏటా కొన్ని అమ్మేశాడు. ఇక చూడండి ఇటు."

ఎవరూ ఇటు తిరగలేదు. ఎల్డన్ ఒక్కడే తిరిగాడు. "మాకు తెలిస్తే..." అన్నాడు. అతని వెనక రోడ్డు మీద ఆరు ట్రైలర్లు వరసగా ఆగి ఉన్నాయి. పొద్దున ఒక్క మాట తెలిసి ఉంటే, ఆ ఆరింటిలో రెండు చాలు.

సాయంత్రంలోగా పదకొండూ పోయాయి. నాలుగు అప్పటికే పోయాయి, మిగతావాటి కాళ్ళు విరిగితే కాల్చాల్సి వచ్చింది. తుపాకీ పేలినప్పుడల్లా ట్విలా కళ్ళు మూసుకుంది. అంబులెన్సు ఎక్కించేటప్పుడు వెండెల్ చెయ్యి పట్టుకుంది.

"నువ్వడిగితే చెప్పేదాన్ని, వెండెల్," అంది. "మార్చిలోనే చెప్పేదాన్ని. ఆగస్టులో చెప్పేదాన్ని. ఇందాక పైన కూడా చెప్పేదాన్ని. నా అంతట నేను ఎలా చెప్పను?"

వెండెల్ ఆమె మీద తన కోటు సర్ది, అంబులెన్సు తలుపు మూశాడు.

చలికాలమంతా ట్విలా దొడ్డికి ఎవరో ఒకరు గడ్డి తోలారు. ఎవరు తోలారో ఎవరూ చెప్పుకోలేదు, చెప్పుకోకూడదు కదా! వెండెల్ నెల రోజులు హోటలు మొహం చూడలేదు. ఆ తర్వాత వచ్చి మూడో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఫిబ్రవరిలో ఎల్డన్ ఎదురుగా కూర్చుని, "ఒరేయ్, బండి మార్చాలనుకుంటున్నా. వేరే కంపెనీదైనా సరే, చెప్పు," అన్నాడు. ముసలాణ్ణి మాటల్లోకి దింపుదామనే అన్నాడు, లేకపోతే ఎల్డన్ నోట ఆ మాటా?

వెండెల్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. "నీకు ఆవులెన్ని?" అన్నాడు.

డార్లా పోస్తున్న కాఫీ కప్పు నిండి పళ్ళెంలోకి కారింది.

"ఏమన్నావ్?"

"ఆవులెన్ని అన్నాను. చెప్తేనే బండి చెప్తాను. లేకపోతే నా దగ్గరికి రావద్దు. నువ్వే కాదు, ఎవ్వరూ."

ఎల్డన్ ముఖం కందగడ్డ అయింది. టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మూడో బల్ల దగ్గర రెండో కుర్చీ ఖాళీ. షోరూమువాళ్ళు చెప్పిన బండ్లే జనం కొనుక్కుంటున్నారు. డార్లా మాత్రం "తిను బంగారం, చల్లారిపోతోంది," అని పళ్ళెం పెట్టి పోయేది. కొండ దిగే ప్రతి బండి చప్పుడుకీ ఆయన తల కిటికీ వైపు తిరిగేది. వాసన వస్తుందేమోనని ముక్కు ఎగబీల్చి చూసేవాడు. ఇంట్లో కూడా అంతే, అర్ధరాత్రి లేచి వరండాలోకి వస్తున్నాడని ఆర్విల్లా అందరితో చెప్పుకుని బాధపడింది.

ఏప్రిల్ మొదట్లో, మధ్యాహ్నం హోటలు కిటకిటలాడే వేళ, తలుపు తోసుకుని ట్విలా వచ్చింది. ఎడమ భుజం కుడిదాని కంటే కొంచెం కిందికి ఉంది. డార్లాకి చిల్లీ సూపూ దాల్చినచెక్క రొట్టే చెప్పి, తిన్నగా వచ్చి వెండెల్ ఎదుటి కుర్చీ లాగింది. వెండెల్ తలెత్తలేదు.

ట్విలా గ్లోవ్స్ తీసి బల్ల మీద పెట్టింది. గోడ పక్కన కూర్చున్న ఎల్డన్‌కి కూడా వినబడేంత గట్టిగా అంది:

"పదకొండు, వెండెల్. అందులో తొమ్మిది చూడివి. నువ్వడగక ముందే చెప్తున్నా. ఇప్పుడు చెప్పు, ఏ బండి కొనమంటావ్?"

ఎవరో కుర్చీ జరిపారు. గోడ పక్కనున్నవాళ్ళు కొందరు కిటికీ వైపు తల తిప్పుకున్నారు. వెండెల్ జేబులోంచి పెన్ను తీశాడు. రుమాలు కాగితం మీద పదకొండు అని వేశాడు, దాని కింద గీత గీశాడు.

"ట్రైలరు ఖాళీ బరువెంత?" అన్నాడు.